నీళ్ల ఈల

మొన్న ఆదివారం తెల్లవారుజామున మా పై గదిలో అద్దెకుండే మౌనిక కొత్త బూట్లు తొడుక్కుని, వీపుకు సంచీ తగిలించుకుని మెట్లు దిగి వచ్చింది. నాగర్‌కర్నూలు దగ్గరి పల్లె పిల్ల. గ్రూప్స్ పరీక్షలకు చదువుతోంది. పొద్దున అశోక్‌నగర్‌లో కోచింగు, మధ్యాహ్నం నుంచి స్టడీ హాలు, రాత్రికి చిక్కడపల్లిలో మా ఇల్లు. ఈ మూడు చోట్లు తప్ప ఆ పిల్ల వేరే లోకం చూడగా నేను చూడలేదు. అలాంటిది, తొలి వానలు పడ్డాయి కదా, ఎవరో కుర్రాళ్లు బస్సు మాట్లాడి నల్లమలలో కొండ ఎక్కించి సాయంత్రానికి తీసుకొస్తారంట, నేనూ పోతున్నానంటే నాకు ప్రాణం లేచివచ్చినట్టయింది. దారిలో టీ దొరుకుతుందో లేదోనని నేనే లేచి టీ పెట్టాను. ముందు నీళ్లు తాగమని పెద్ద గ్లాసు నిండా ఇచ్చాను. ఆ పిల్ల సగం తాగి గ్లాసు నా చేతిలో పెట్టేసింది. టీ వద్దంది. "చాలు ఆంటీ. ఎక్కువ తాగితే పరేషాన్ అయితది. పొద్దుందాక ఎక్కడ ఏం ఉండది గద," అని నవ్వి, తాళంచెవి ఇచ్చి, గేటు తీసుకుని వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండింది. ఆ పిల్ల మీద కాదు. చేతిలో మిగిలిన ఆ సగం గ్లాసు మీద.

ఆ సగం గ్లాసు నాకు కొత్త కాదు. దాన్ని తాగే నేను పెరిగాను. అప్పుడు మా ఇల్లు ఇదే సందులో పెంకుటిల్లు. పొద్దున్నే పెరట్లో స్నానాల నీళ్లు కాగే రాగి బంబా కింద పుల్లలు మండేవి, ఆ పొగ వాసన ఇల్లంతా తిరిగి చివరికి మా స్కూలు బట్టలకు పట్టేది. నాన్న కిటికీ ఊచకు అద్దం తగిలించుకుని గడ్డం గీసుకునేవాడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి తల తిప్పేది కాదు. నాయనమ్మ మాత్రం వంటింటి గుమ్మంలో పీట వేసుకుని మంచినీళ్ల బిందె పక్కన కూర్చునేది. ఆ బిందెలో ఆమె తప్ప ఎవరూ గ్లాసు ముంచకూడదు. అన్న బడికి బయల్దేరితే నిండు గ్లాసు ఇచ్చి, వాడు తాగాక, "ఇంకొన్ని తాగురా, ఎండ ఉన్నది," అని మళ్లీ ముంచేది. నేను బయల్దేరితే సగమే. "ఆడపిల్లవు. బయటికి పోతున్నవు. ఇంటికొచ్చి తాగు, నీళ్లు యాడికీ పోవు," అనేది. మా బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డికి నేను చేరేనాటికే తలుపు ఊడిపోయింది. నేను చదువు ముగించి వచ్చేదాకా ఆ తలుపు తిరిగి రాలేదు. అందువల్ల సాయంత్రం నేను ఇంటికి వచ్చానంటే ముందు పెరటి తలుపు చప్పుడు, ఆ తర్వాత బిందె మూత చప్పుడు వినిపించేవి. గ్లాసు మీద గ్లాసు తాగుతుంటే నాయనమ్మ నా వీపు నిమురుతూ, "మెల్లగ, మెల్లగ," అనేది. ఆమె తన వయసులో పొద్దు పొడవకముందు ఒకసారి, పొద్దు గూకాక ఒకసారి తప్ప ఒంటికి పొలం గట్టు దాటని మనిషి. తనకు తెలిసిన జాగ్రత్త అదే, నాకు అదే నేర్పింది. ఆ సగం గ్లాసులో ప్రేమ ఉందని తెలుసు కాబట్టే ఇన్నేళ్లు దాన్ని ఏమీ అనలేకపోయాను. ఇప్పుడంటున్నాను. ఆ ప్రేమ తగలబడ్డా బాగుండేది.

కాలేజీలో చేరాక నాకు కొండల పిచ్చి పట్టించింది సుగుణ. పాలమూరు వైపు నుంచి వచ్చి నారాయణగూడలో హాస్టల్లో ఉండి చదువుకునేది. చిన్నప్పుడు బడికి గుట్ట దాటి నడిచిన పిల్ల. హైదరాబాదులో చదునుగా ఉండే రోడ్ల మీద నడుస్తుంటే తన కాళ్లకు పని లేనట్టుంటుందని వాపోయేది. నారాయణగూడలో ఒక సందులో రంగారావు గారని ఒక పెద్దమనిషి ఇంటి వరండాలో వారం వారం కొందరు చేరేవాళ్లు. ఆయన ఏదో ఆఫీసులో పనిచేసేవాడు కానీ మనసంతా కొండల మీదే. పేరూ ఊరూ లేని జట్టు అది, మేము కొండల జట్టు అనుకునేవాళ్లం. ఇరవై మంది దాకా మగవాళ్లు, ఆడవాళ్లు మేమిద్దరం. ఆయన మెడలో ఎప్పుడూ ఇత్తడి ఈల వేలాడేది. ఒకసారి ఊదితే ఆగాలి. రెండుసార్లు ఊదితే నడవాలి. మూడుసార్లు ఊదితే నీళ్లు తాగాలి. దాన్ని నీళ్ల ఈల అనేవాళ్లు. ఈల లేకుండా ఎవరూ సీసా మూత తియ్యకూడదు, ఈల పడ్డాక తాగకుండా ఉండకూడదు. క్రమశిక్షణ అంటే ఆయనకు అంత పట్టింపు. మూడు ఈలలు పడగానే మగవాళ్లు గటగటా తాగేవాళ్లు. మేమిద్దరం సీసా ఎత్తి, పెదాలు తడుపుకుని, మూత బిగించేసేవాళ్లం. మా గొంతులు కదులుతున్నాయో లేదో ఆయన ఎన్నడూ చూడలేదు. మగవాళ్లకు చెట్టు చాటు చాలు, చాటు లేకపోయినా చాలు. మాకు వెనక ఉండిపోతే ఎందుకు ఆగారని అరుస్తారు, ముందు పోతే దారి తప్పుతారని అరుస్తారు. పైగా నేను వేసుకునేది అన్న పాత ప్యాంటు, నడుముకు తాడుతో బిగించి కట్టుకున్నది. దాంతో పడే అవస్థ ఇక వివరంగా రాయను, ఆడవాళ్లకు రాయక్కర్లేదు, మగవాళ్లకు రాసినా తలకెక్కదు.

ఆ ఏడు ఎండాకాలం సెలవులు అయిపోతుండగా వరండాలో ఒక కబురు చెప్పాడాయన. మృగశిర కార్తెలో మిరుగు వానలు పడగానే తొలి నడక నల్లమలలో. పొద్దున ఎక్కి, ఆ కొండ వరుస దాటి, అవతలి వైపు దిగి, సాయంత్రానికి బస్సు చేరాలి. అది బాగా నడిచినవాళ్లను హిమాలయాలకు తీసుకుపోతాడు. ఆడపిల్లలైనా సరే, నడిస్తే తీసుకుపోతానన్నాడు. ఆ సాయంత్రం సుగుణతో పాటు హాస్టలు దాకా నడిచాను. అది గేటు దగ్గర ఆగి, "వసూ, నాకు మంచు చూడాలె. చూసుడు గాదు, చేతుల పట్టుకోవాలె," అంది. అప్పటినుంచి రోజూ పొద్దున ఆ పిల్ల హాస్టలు మెట్లు పైకీ కిందికీ తిరుగుతుంటే వార్డెనమ్మకు పిచ్చి పట్టిందేమోనని అనుమానం వచ్చింది. నేను బూట్లకు సుద్ద పూసి ఎండబెట్టాను. కోఠీలో పాత సామాన్ల దుకాణంలో ఉన్ని గుడ్డ కుట్టిన అల్యూమినియం సీసాలు రెండు కొన్నాం. ఆ గుడ్డ తడిపితే లోపల నీళ్లు చల్లగా ఉంటాయి. ఆ తడి ఉన్ని వాసన నాకు ఇప్పటికీ ముక్కులో ఉంది.

మిరుగు రానే వచ్చింది. ఒక సాయంత్రం చిక్కడపల్లిలో కుంభవృష్టి. కూరగాయల బజారులో బుట్టలు తేలాయి, అశోక్‌నగర్ నాలా పొంగి రోడ్డెక్కింది, మా ఇంట్లో మూడు చోట్ల గిన్నెలు పెట్టాం. రంగారావు గారు తన వరండా ముందు ప్యాంటు మడతపెట్టుకుని మోకాటి లోతు నీళ్లలో నిలబడి, వచ్చే ఆదివారమే నడక అని తేల్చేశాడు. నల్లమలలో ఈపాటికి వాగులు పారుతుంటాయి, మనిషికి ఒక సీసా చాలు, బరువు మొయ్యద్దు, వాగు దగ్గర నింపుకుందాం అన్నాడు. చిక్కడపల్లిలో వాన పడితే లోకమంతా పడ్డట్టే అనుకునే మనుషులం. నల్లమలలో పడిందా అని ఏ ఒక్కరూ అడగలేదు. అంత చదువుకున్న మనిషి, మ్యాపులు పరిచి వేలు పెట్టి చూపించే మనిషి, ఇంటి ముందు నిలిచిన నీళ్లు చూసి వంద మైళ్ల అవతలి వాగును నింపేశాడు.

ఆదివారం చీకటితోనే బయల్దేరుతుంటే నాయనమ్మ పీట మీద సిద్ధంగా ఉంది. సగం గ్లాసు. కొండ కింద బస్సు దిగేసరికే ఎండ చురుక్కుమంటోంది. నేల మీద తడి అన్నది లేదు. టేకు చెట్లకు ఇంకా ఆకు రాలేదు, వెదురు ఎండి కటకటలాడుతోంది. దారి అనడానికి దారి లేదు, నిట్టనిలువుగా గులకరాళ్లు. ఒక అడుగు వేస్తే అర అడుగు వెనక్కి జారేది. చేతులు పెట్టిన బండలు పెనంలా కాలుతున్నాయి. మగవాళ్లు సగం దూరానికే రొప్పడం మొదలుపెట్టారు. మాటిమాటికీ నీళ్ల ఈల. సుగుణ మాత్రం అందరికంటే ముందు, సంచీ వీపున బిగించుకుని, వెనక్కి చూడకుండా ఎక్కుతోంది. దాని వెనకే నేను. గర్వం లేకుండా చెప్తున్నాను, లేదు, గర్వంగానే చెప్తున్నాను, ఆ కొండ నెత్తి మీద మొదట అడుగు పెట్టింది సుగుణ, తర్వాత నేను, ఆ తర్వాతే మిగతా అందరూ. కింద పచ్చదనం లేని అడవి కనుచూపు మేర పరుచుకుని ఉంది. సుగుణ రెండు చేతులూ చాచి గాలికి నిలబడి, "ఇంక మంచు ఎంత దూరం?" అని కేక పెట్టింది.

అన్నం మూటలు విప్పింది అక్కడే. పులిహోర, ఉల్లిగడ్డ, ఎండిపోయిన చపాతీలు. అప్పటికే మగవాళ్ల సీసాలు ఖాళీ. వాగు కిందే ఉంది కదా అన్న ధైర్యంతో తాగేశారు. పులిహోర గొంతులో దిగక ఒకడు అటూ ఇటూ చూసి, మా సీసాలు ఊపి చూశాడు. "అరే, వీళ్లయి నిండుగనే ఉన్నయ్. మీరు తాగరు గద, జర ఇటియ్యిండ్రి," అన్నాడు. అడిగినట్టు కాదు, ఉప్పు అందుకున్నట్టు అందుకున్నాడు. సీసా చేతులు మారింది. రంగారావు గారి దగ్గరికీ వచ్చింది. ఆయన కూడా తాగి, మీసాలు తుడుచుకుని, "శభాష్, ఆడపిల్లలకు పొదుపు తెలుసు," అన్నాడు. వాళ్లు తాగుతున్నంతసేపూ నేను సుగుణ గొంతు చూస్తున్నాను. అది ఉత్తి గుటకలు మింగుతోంది. ఖాళీ సీసాలు తిరిగి మా ఒళ్లోకి వచ్చాయి. ఆ పొద్దుటి నుంచి ఆ నీళ్లను కొండ మీదికి మోసింది మేము, తాగింది వాళ్లు. ఇంత చిన్న సంగతి, ఇంత పెద్ద సంగతి, అక్కడున్న వాళ్లెవరికీ తోచలేదు.

అవతలి వైపు దిగాక వాగు కనిపించింది. వాగంటే ఇసుక, తెల్లని రాళ్లు, ఎండుటాకులు. చుక్క లేదు. ఒకరిద్దరు చేతులతో ఇసుక తవ్వారు, తడి కూడా తగల్లేదు. రంగారావు గారు మ్యాపు విప్పి చూశాడు, మ్యాపులో వాగు నీలంగా పారుతోంది. ఇంకా రెండు గంటల నడక ఉంది. నాలుక పిడచగట్టుకుపోయి నాకు మాట రావడం లేదు. సుగుణ ఒక రాయి మీద కూర్చుంది, లేవబోయింది, రెండు పిక్కలూ పట్టేసి కొయ్యబారినట్టు పక్కకు ఒరిగిపోయింది. కళ్లు తేలేసింది. ఒళ్లు మాడిపోతోంది, చెమట లేదు. నేను దాని తల ఒళ్లో పెట్టుకుని టోపీతో విసురుతుంటే చుట్టూ మగవాళ్లు గుండ్రంగా నిలబడి, తలా ఒక సలహా చెప్పారు. పొద్దున తిని రాలేదేమో అన్నాడొకడు. నెలసరేమో అని ఇంకొకడు గొణిగాడు. చివరికి ఇద్దరు అడ్డదారిన బస్సు దగ్గరికి పరుగెత్తి, డ్రైవరు దగ్గరున్న డబ్బా తెచ్చారు. గుక్క గుక్కగా నేనే తాగించాను. తేరుకుంది. తన కాళ్ల మీదే నడిచి బస్సెక్కింది. ఎవరూ మొయ్యలేదు. ఈ ముక్క నేను నొక్కి రాస్తున్నాను, ఎందుకంటే తర్వాత చాలా ఏళ్లు నారాయణగూడలో ఆ పిల్లను మోసుకొచ్చామని చెప్పుకున్నవాళ్లు నాకు కనీసం నలుగురు తగిలారు.

తర్వాతి వారం వరండాలో ఆయన హిమాలయాలకు పోయేవాళ్ల పేర్లు చదివాడు. మా పేర్లు లేవు. "ఏం అనుకోకండమ్మా. ఆడపిల్లలు గద, ఎండకు ఆగరు. మీ బాధ్యత అంత దూరం మేం మొయ్యలేం. మీకు గోల్కొండ, అనంతగిరి మంచిగుంటయ్," అన్నాడు. చాలా మర్యాదగా, తండ్రిలా అన్నాడు. మా సీసా నీళ్లు తాగి కొండ దిగినవాళ్ల పేర్లు వరసగా ఉన్నాయందులో. సుగుణ మెట్లు దిగి, హాస్టలు దాకా నడిచి, గేటు దగ్గర ఆగి, "నేను పైకి ముందల ఎక్కిన గద వసూ?" అని అడిగింది. ఎక్కినవ్ అన్నాను. "మరి?" అంది. ఇంటికొస్తే నాయనమ్మ అంతా విని, "మంచిగైంది, ఇంకా దూరం పోతే ఇంకెంత కష్టమో," అని నిండు గ్లాసు ముంచి ఇచ్చింది. జీవితంలో ఆ ఒక్కసారి ఆమె చేతి నీళ్లు తాగకుండా లోపలికి వెళ్లిపోయాను.

మీరప్పుడే నోరు తెరిచి చెప్పాల్సింది కదా అంటారు కొందరు. ఎవరికి చెప్పాలి? ఇరవై మంది మగవాళ్ల మధ్య నిలబడి, ఫలానా భయంతో మేము నీళ్లు తాగడం లేదని ఏ నోటితో చెప్పాలి? ఈ వయసులో వెనక్కి తిరిగి చూసుకుని, తప్పు నాదే అని ఒప్పుకుంటే చదివేవాళ్లకు హాయిగా ఉంటుందని తెలుసు. నేను ఒప్పుకోను. తప్పు నాది కాదు, సుగుణది అసలే కాదు. ఈల మెడలో వేసుకున్నవాడిది అడిగే బాధ్యత. సుగుణ తర్వాత టీచరయి, పాలమూరులోనే రిటైరయింది. ఇద్దరం మంచు చూడలేదు. ఇప్పుడు పోవచ్చు కదా, విమానాలున్నాయి, కారు నేరుగా మంచు దాకా పోతుంది అంటారు మా పిల్లలు. ఆ కాళ్లతో చూడాల్సినదాన్ని ఈ మోకాళ్లతో చూసి ఏం చేసుకోవాలి?

ఇదంతా ఆ సగం గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ కాసేపట్లో నా తలలో తిరిగింది. అశోక్‌నగర్ స్టడీ హాలు గుర్తొచ్చింది. వందల మంది పిల్లలు కూర్చునే చోట ఆడపిల్లలకు ఒక్క బాత్రూము, లైను కట్టాలి, లేస్తే చదువు పోతుందని పొద్దుటి నుంచి నీళ్లు ముట్టనని మౌనికే ఓసారి చెప్పింది. బూట్లు మారాయి. సంచీలోంచే నీళ్లు పీల్చుకునే పైపులొచ్చాయి, ఎన్ని అడుగులు వేశారో చేతి గడియారం చెప్తోంది. ఆకాశం నుంచి ఫొటోలు తీస్తున్నారు. ఇన్ని మార్చినవాళ్లు ఆ ఒక్క తలుపు పెట్టలేకపోయారు. గ్లాసు అక్కడే గట్టు మీద పెట్టి, చెప్పులేసుకుని, మోకాళ్ల నొప్పిని తిట్టుకుంటూ, బస్సు ఎక్కేది అక్కడేనని మౌనిక చెప్పిన నారాయణగూడ ఫ్లైఓవరు కిందికి నడిచాను. నా అదృష్టం, బస్సు ఇంకా కదల్లేదు. టోపీ పెట్టుకున్న ఒక కుర్రాడు డోరు దగ్గర నిలబడి పేర్లు పిలుస్తున్నాడు. ఈ నడక నడిపించేది వాడే.

"బాబూ, మధ్యల ఆడపిల్లలు ఒంటికి పోవాలంటే ఎక్కడికి పోతరు?" అని అడిగాను. వాడు బిత్తరపోయి చుట్టూ చూశాడు. "అడవి గద ఆంటీ... అడ్జస్ట్ అయితరు. ఇప్పటిదాక ఎవ్వరు కంప్లైంట్ చెయ్యలే," అన్నాడు. "నీళ్లే తాగకపాయె, ఇంక కంప్లైంట్ ఏం చేస్తరు?" అని మెట్టెక్కి లోపలికి చూశాను. కుర్రాళ్లు అప్పటికే పైపులు నోట్లో పెట్టుకుని ఉన్నారు. అమ్మాయిల సీసాలు అంచుదాకా నిండుగా, మూతలు బిగించి ఉన్నాయి. కిటికీ పక్కన మౌనిక తల దించుకుని కూర్చుంది. "మీ నీళ్లు అయిపోతే వీళ్లను అడుగుతరు గద?" అన్నాను మగపిల్లలతో. వెనక సీట్లోంచి ఒకడు నవ్వుతూ, ఏ పాపం తెలియని మొహంతో, "అడుగుతం ఆంటీ. వాళ్లకాడ ఎప్పుడూ మిగుల్తయ్," అన్నాడు.

నాకు ఏమైందో తెలియదు. ఆ వాగు, ఆ ఇసుక, ఆ తెల్లని రాళ్లు అన్నీ గొంతులోకి వచ్చాయి. "మిగల్లేదురా! దాచుకున్నరు! వాళ్లు ఎండిపోయి మీకు మోస్తున్నరు!" అని అరిచాను. ఆటోవాళ్లు తిరిగి చూశారు. టీ కొట్టు దగ్గర గ్లాసులు కడిగేవాడు కడగడం ఆపేశాడు. అప్పుడు మౌనిక లేచి నిలబడింది. సీసా మూత తీసి, ఆ టోపీ కుర్రాడి మొహంలోకి చూస్తూ, ఆగకుండా మొత్తం తాగింది. మూతి తుడుచుకుని, "అన్నా, గంటకోసారి బస్సు ఆపాలె. పైన గూడ మేం చెప్పినకాడ మీరంతా ముందల పోయి ఆగాలె. అయితదంటే చెప్పు, లేకుంటే నేను ఇక్కడ్నే దిగుత," అంది. దాని వెనక ఇంకో సీసా మూత తెరుచుకున్న చప్పుడైంది. వాడు నన్ను చూశాడు, ఆ పిల్లను చూశాడు. "ఆపుతం అక్కా," అన్నాడు.

ఇంటికొచ్చి, కోపం దిగక, పొద్దు పొడవకముందే పాలమూరుకు ఫోన్ చేసి సుగుణను లేపాను. ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పాను. అది అంతా వింది. తర్వాత, "ఆ పిల్ల ఎంత తాగింది?" అని అడిగింది.

"సీసా మొత్తం."

"నువ్వు గట్టిగనే అరిచినవా?"

"ఫ్లైఓవర్ కింద అందరు చూసిన్రు."

అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"ఇంకా జర గట్టిగ అరవకపోయినవ్ వసూ," అంది సుగుణ.